చిల్లై కలాన్‌లో ఎండ కాసిన గుల్‌మార్గ్

కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి నలభై రోజుల్ని చిల్లై కలాన్ అంటారు. దాల్ సరస్సు అంచులు గడ్డకట్టేది, కుళాయిల్లో నీళ్లు బిగుసుకుపోయేది, కొండల మీద ఏడాదికి సరిపడా మంచు పేరుకునేది అప్పుడే. ఆ తర్వాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, పది రోజులు చిల్లై బచ్చా. మేం వెళ్లింది 2024 జనవరి మధ్యలో, చిల్లై కలాన్ నడిబొడ్డున. మంచు ఆటలకు పేరుపడ్డ కొండ ఊరు గుల్‌మార్గ్‌లో మంచు లేదు.

ఆ సంగతి బయల్దేరకముందే తెలుసు. టీవీలో రోజూ చూపిస్తూనే ఉన్నారు. టికెట్లు రద్దు చేసుకుందామని మా ఆవిడ అంది. నాకు మాత్రం వెళ్లాలనే ఉంది. మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది మా దగ్గరే. కోతకొచ్చిన వరి నీళ్లలో పడి కంకి మీదే మొలకలెత్తింది. దేశానికి ఈ చివర మేం వానతో మునిగితే, ఆ చివర అదే నెలలో కశ్మీర్ లోయలో పడాల్సిన వాన, మంచులో 79 శాతం లోటు. జనవరి వచ్చాక ఆ కాస్తా పడలేదు. అక్కడి మనుషులు దీన్ని ఎలా అర్థం చేసుకుంటున్నారో వినాలనిపించింది.

ఢిల్లీలో పొగమంచు వల్ల విమానం గంటల తరబడి ఆలస్యమైంది. స్వెటర్ల మీద స్వెటర్లు వేసుకుని వణుకుతూ కూర్చున్నాం. శ్రీనగర్‌లో దిగితే నీలాకాశం, ఎండ. మరదలు శాలువా తీసి బ్యాగులో పెట్టేసింది. "బావగారూ, మనం సరైన ఊరికే వచ్చామా?" అంది. ఆ రోజుల్లో పగటి ఉష్ణోగ్రత ఢిల్లీ కన్నా, జమ్మూ కన్నా శ్రీనగర్‌లోనే ఎక్కువగా ఉంది. చూడటానికి వింతగా ఉన్నా, ఢిల్లీ పొగమంచుకీ, శ్రీనగర్ ఎండకీ మూలం ఒకటే. చలికాలంలో మధ్యధరా, కాస్పియన్ సముద్రాల వైపు నుంచి పశ్చిమ గాలుల మీద తేలివచ్చే అల్పపీడనాలే హిమాలయాలకు మంచు, ఉత్తర మైదానాలకు వాన తెస్తాయి. పశ్చిమ అలజడులంటారు వాటిని. ఆ చలికాలంలో అప్పటిదాకా బలమైనది ఒక్కటీ రాలేదు. కొండల మీద మబ్బు పట్టలేదు. మైదానాల్లో పట్టిన పొగమంచును కదిలించే గాలీ లేదు, వానా లేదు.

శ్రీనగర్ నుంచి గుల్‌మార్గ్ సుమారు యాభై కిలోమీటర్లు. టంగ్‌మర్గ్ దగ్గర ఘాట్ రోడ్డు మొదలవుతుంది. మామూలు చలికాలంలో అక్కడ కార్ల చక్రాలకు గొలుసులు కట్టందే పైకి పోనివ్వరట. దుకాణాల ముందు అద్దె కోట్లు, రబ్బరు బూట్లు వరసగా వేలాడుతున్నాయి, అడిగేవాళ్లు లేరు. మా కారు మామూలు చక్రాలతోనే, దుమ్ము లేపుకుంటూ పైకెక్కింది. 2,650 మీటర్ల ఎత్తున ఉన్న ఆ మైదానం ఎండిన గడ్డితో గోధుమ రంగులో పరచుకుని ఉంది. చుట్టూ దేవదారులు మాత్రం పచ్చగా నిలబడ్డాయి.

అక్కడ స్లెడ్జి, అంటే మంచు మీద జారే బండి లాగే ఒకాయన తన బండిని తిరగేసి దాని మీదే కూర్చున్నాడు. ఫెరాన్ అనే పొడుగాటి వదులు అంగీ లోపల కాంగ్రీ, అంటే నిప్పుల కుంపటి పెట్టుకోవడంతో పొట్ట ముందుకొచ్చినట్టు కనిపిస్తోంది. చెక్క బండి అడుగున రెండు ఇనప పట్టీలు. రెండూ ఎర్రగా తుప్పు పట్టాయి. నేను వాటివైపే చూస్తున్నానని గమనించి బొటనవేలితో గీకి చూపించాడు. పొడి రాలింది. "రోజూ మంచు మీద లాగితే ఈ ఇనుము తెల్లగా మెరుస్తుంది సాబ్. ఈ ఏడు తుప్పు కూడా నా చేత్తో నేనే తుడుచుకోవాలి" అన్నాడు. కూలీ లేని చలికాలం తన ఎరుకలో ఇదేనన్నాడు. మసీదుల్లో మంచు కోసం ప్రత్యేక నమాజులు చేశారట. "మనుషుల పాపం" అని పైకి చూపించాడు. ఆ మాటకు ఏం జవాబు చెప్పాలో తోచలేదు. సవారీ చేయకపోయినా డబ్బులిస్తే తీసుకోనన్నాడు. చివరికి టీ మాత్రం మాతో తాగాడు.

గొండోలా, అంటే తీగల మీద నడిచే కేబుల్ కారు ఎక్కి పైదాకా వెళ్లాం. మొదటి దశ కాంగ్‌డోరి దగ్గరా మట్టే. రెండో దశలో, అఫర్వత్ కొండ భుజం మీద దాదాపు నాలుగు వేల మీటర్ల ఎత్తున, నీడ పట్టున కొంత పాత మంచు మిగిలింది. గట్టిపడి, దుమ్ముపట్టి ఉంది. అందరూ ఆ కాస్త మేర నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు.

తిరుగుదారిలో కారులో వాదన మొదలైంది. మా తమ్ముడు ఇంజినీరు, ఇలాంటివి శ్రద్ధగా చదువుతాడు. "అన్నయ్యా, ఇదంతా ఎల్ నినో. ఆగస్టులో మనకు వాన లేకుండా చేసిందీ అదే. వచ్చే ఏడు సర్దుకుంటుంది" అన్నాడు. పసిఫిక్ సముద్రం పైనీళ్లు మామూలు కన్నా వేడెక్కడాన్నే ఎల్ నినో అంటారు. వాతావరణ శాఖ చెప్పిన కారణాల్లోనూ అది ఉంది. డ్రైవరు ఒప్పుకోలేదు. "మీ ఎల్ నినో ఎక్కడో సముద్రంలో ఉంటుంది. ఇక్కడ అడవి కొట్టి హోటళ్లు కట్టింది మేం. ఎండాకాలంలో రోజూ ఎన్ని వేల బళ్లు పైకి పోతాయో నాకు తెలుసు" అన్నాడు. లోయలో పొగ పెరగడానికి, ఊటలు చెడటానికి బళ్లూ హోటళ్లూ కారణమే. కానీ మధ్యధరా నుంచి రావాల్సిన మబ్బుల్ని ఆపేది అవి కావు. ఆ సంగతి చెప్తే ఆయన నొచ్చుకున్నాడు. తన ఊరి తప్పును తన మీద వేసుకుంటున్న మనిషికి సైన్సు చెప్పడం అంత తేలిక కాదు.

తమ్ముడి మాటా పూర్తిగా నిలబడదు. చాలా ఎల్ నినో చలికాలాల్లో పశ్చిమ హిమాలయాల మీద మంచు, వాన మామూలు కన్నా ఎక్కువే పడతాయని చూపిన అధ్యయనాలున్నాయి. అలాంటప్పుడు మొత్తం నెపం దాని మీదే ఎలా వేస్తాం? మేం బయల్దేరడానికి కాస్త ముందే యూరప్‌వాళ్ల కోపర్నికస్ సంస్థ 2023ని రికార్డుల్లోకెల్లా వేడి ఏడాదిగా ప్రకటించింది. పారిశ్రామిక యుగానికి ముందుకన్నా 1.48 డిగ్రీలు ఎక్కువ. ఒక్క ఏడాది మంచు పడనందుకు భూతాపమే కారణమని తేల్చేయలేం, పొడి చలికాలాలు అంతకుముందూ వచ్చాయి. అలాగని ఎల్ నినో అనేసి ఫైలు మూసేయడమూ తగదు.

అనంతనాగ్ వైపు వెళ్తూ అచ్ఛబల్‌లో ఆగాం. నూర్జహాన్ వేయించిన మొఘల్ తోట అది. కొండ పాదం నుంచి ఊట ఉబికి వచ్చి కాలువల్లో, జలపాతంలా మెట్ల మీదుగా దూకుతుంది. ఆ రోజు నీళ్లు ఉన్నాయి. అంత చల్లటి, తేట నీళ్లు నేనెక్కడా చూడలేదు.

ఆ రాత్రి బస చేసిన ఇంటి పెద్దాయనకు యాపిల్ తోట ఉంది. హైదరాబాద్ బాటసింగారం పండ్ల మార్కెట్‌కు లారీలు పోతాయని చెప్తే మా ఆవిడ ముఖం వెలిగింది. ఆ ఇంటి వేడి గదిలో ఆయన చెప్పిందే ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా పట్టింది. చలి లేక కాదట సమస్య. మబ్బు లేదు కాబట్టి రాత్రిళ్లు మైనస్ అయిదు దాకా పోతూనే ఉంది. యాపిల్ చెట్టు పూతకు రావాలంటే చలిలో ఇన్ని గంటలు గడపాలని ఉంటుంది, ఆ చలి గంటలు దొరుకుతాయి. కానీ పగటి ఎండకు మొగ్గ తొందరపడి ఉబ్బుతుంది, తర్వాత ఒక్క గడ్డకట్టే రాత్రి వస్తే పోతుంది. దాని కన్నా పెద్ద సంగతి నీళ్లు. మనకు చెరువు ఎలాగో వాళ్లకు కొండ మీది మంచు అలాగ. చిల్లై కలాన్‌లో పడింది చలికి బిగిసి, పొర మీద పొర పేరుకుని, జూన్, జూలై దాకా కొద్దికొద్దిగా కరుగుతుంది. ఫిబ్రవరి, మార్చిలో పడింది బిగిసేలోపే ఎండలు వచ్చి వాగుల్లో పోతుంది. "ఎంత పడిందని టీవీవాళ్లు అడుగుతారు. ఎప్పుడు పడిందని మేం అడుగుతాం" అన్నాడాయన.

మేం ఇంటికొచ్చాక జనవరి చివర్లో మంచు మొదలైంది. వాయిదా పడిన ఖేలో ఇండియా శీతాకాల పోటీలు ఫిబ్రవరి 21 నుంచి గుల్‌మార్గ్‌లో జరిగాయి. ఆ పోటీల రోజుల్లోనే అక్కడ మంచు చరియలు విరుచుకుపడి ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. డ్రైవరు తెల్లటి మైదానం వీడియో పంపాడు. తమ్ముడు "చెప్పానుగా, సర్దుకుంది" అన్నాడు.

మరుసటి చలికాలం ఎల్ నినో లేదు. పసిఫిక్‌లో దానికి ఉల్టా, నీళ్లు మామూలు కన్నా చల్లబడే లా నినా, బలహీనంగా ఉంది. అయినా 2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో కశ్మీర్‌కు మళ్లీ పెద్ద లోటు. గుల్‌మార్గ్ పోటీలు మళ్లీ వాయిదా పడి మార్చిలో జరిగాయి. ఫిబ్రవరిలో అచ్ఛబల్ ఊట ఎండిపోయింది, దాని మీద ఆధారపడిన ఊళ్లలో తాగునీటికి కటకట వచ్చింది. ఈసారి ఆ వార్తను నాకు పంపింది తమ్ముడే. కింద ఇంకేమీ రాయలేదు. నేను ఫోన్ చేస్తే, పశ్చిమ అలజడులు ఏ నెలలో ఎన్ని వచ్చాయో పాత లెక్కలు వెతుకుతున్నానన్నాడు.