ముదిరాక అడగలేం, ముదరకముందు అడగబుద్ధి కాదు

కెనడాలో మెయిడ్ (అడిగినవాళ్ళకి వైద్యుల సాయంతో చావు) మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, ఉన్నవాళ్ళకి అది కుదరదుగా" అంటారు, ఇంకొకరు "ఇంట్లోవాళ్ళు సంతకం పెడితే చాలట" అంటారు. రెండూ తప్పే, రెండోది మరీ తప్పు. కొడుకైనా కూతురైనా, పవర్ ఆఫ్ అటార్నీ చేతిలో ఉన్నా సరే, ఇంకొకళ్ళ తరఫున చావు అడిగే హక్కు ఎవరికీ లేదు, అడగాల్సింది ఆ మనిషే.

చట్టం 2016లో వచ్చింది. డిమెన్షియా ఉందని చెప్పినంత మాత్రాన కాదు పొమ్మనరు. డాక్టర్లో నర్స్ ప్రాక్టీషనర్లో (అదనపు శిక్షణ, అధికారం ఉన్న నర్సులు) ఇద్దరు, ఒకళ్ళతో ఒకళ్ళకి సంబంధం లేకుండా చూస్తారు. ఇవాళ ఏ వారమో గుర్తుందా అన్నది కాదు వాళ్ళకి ముఖ్యం, నేనడుగుతున్నది చావు, వేరే దారులు ఇవీ ఉన్నాయి, అయినా ఇదే కావాలి అని అర్థమై చెప్తున్నారా అన్నది. తారీఖు తప్పు చెప్పేవాళ్ళకి కూడా ఆ తెలివిడి ఉండొచ్చు.

మెలిక ఎక్కడంటే, చట్టం ప్రకారం స్థితి బాగా దిగజారి ఉండాలి, మళ్ళీ బాగుపడకూడదు, బాధ భరించలేనంత ఉండాలి, అడిగేటప్పుడు బుర్ర మాత్రం పనిచేస్తూ ఉండాలి. ఈ జబ్బులో దిగజారేదే బుర్ర కదండీ! అందుకే చాలామంది ఇంకా కొన్నాళ్ళు హాయిగా బతకగలిగి ఉండి కూడా, ఆలస్యమైతే ఛాన్స్ పోతుందని ముందే తేల్చేసుకుంటారు.

కెనడాలోనే హాలిఫాక్స్‌లో ఆడ్రీ పార్కర్ అని ఒకావిడ, ఆవిడది డిమెన్షియా కాదు, క్యాన్సర్ మెదడు దాకా పాకింది, ఇంకో క్రిస్మస్ చూడాలని ఉన్నా తెలివి తప్పితే చివరి కన్సెంట్ (ఆఖరి నిమిషంలో మళ్ళీ చెప్పాల్సిన "సరే") ఇవ్వలేనని భయపడి 2018 నవంబర్ 1నే వెళ్ళిపోయారు. ఆవిడ చేసిన గొడవ వల్లే 2021లో రూల్ మారింది. చావు దగ్గర్లోనే ఉందని తేలి, మెయిడ్‌కి ఓకే అయినవాళ్ళు డాక్టర్‌తో తేదీ రాసుకోవచ్చు, ఈలోపు తెలివి పోయినా పని జరుగుతుంది. అప్పుడు మాటతోనో సైగతోనో వద్దంటే మాత్రం ఆపెయ్యాలి. ముట్టుకుంటే అసంకల్పితంగా ఉలిక్కిపడటం వద్దన్నట్టు లెక్క కాదని కూడా రాశారు. చెయ్యి వెనక్కి లాక్కుంటే అది భయమా, వద్దనడమా? మంచం పక్కన నిలబడ్డ డాక్టరే తేల్చుకోవాలి.

నెదర్లాండ్స్‌లో 2016లో సరిగ్గా ఇదే జరిగింది, 74 ఏళ్ళావిడ ముందే రాసిపెట్టుకుంది, తీరా సమయానికి కాఫీలో మత్తుమందు కలిపి ఇచ్చినా ఆవిడ మేలుకుని లేవబోతే ఇంట్లోవాళ్ళు పట్టుకున్నారు, డాక్టర్ పని పూర్తి చేశారు. డాక్టర్ మీద కేసు నడిచి 2019లో కొట్టేశారు, 2020లో సుప్రీం కోర్టు కూడా తప్పు లేదంది. తీర్పు ఏదైనా, పట్టుకున్న ఆ చేతుల సంగతి నాకు మింగుడుపడదు.

కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం 2024 అక్టోబర్ 30 నుంచి ఇంకో అడుగు ముందుకేసింది. దేశమంతటికీ వర్తించే కెనడా క్రిమినల్ కోడ్ దీనికోసం మారకపోయినా, కేసులు పెట్టొద్దని తన ప్రాసిక్యూటర్లకి చెప్పి మరీ మొదలుపెట్టింది. ఏ లక్షణాలు కనిపిస్తే నా పని పూర్తి చెయ్యాలో, తెలివి ఉండగానే, ఏళ్ళ ముందే, డాక్టరో నర్స్ ప్రాక్టీషనరో సాయంతో వివరంగా రాసుకోవచ్చు. అయితే ఆ లక్షణాలు కనిపించినా చాలదు, ఆ మనిషి అప్పుడు నిజంగా బాధపడుతున్నట్టు కూడా తేలాలి.

ఈ షరతు నాకు బాగా నచ్చింది. ఎందుకంటే అందరి నోటా మొదట వచ్చేది "నా పిల్లల్ని గుర్తుపట్టలేని రోజు వస్తే" అనే మాట. మా పిన్నికి ఆ రోజు ఎప్పుడో వచ్చేసింది. కూతురు చూడ్డానికి వెళ్ళగానే "మీదే ఊరమ్మా" అని నవ్వుతూ అడుగుతుంది, చెప్తే శ్రద్ధగా వింటుంది, కాసేపాగి అంతే ఆసక్తిగా మళ్ళీ అడుగుతుంది. బాత్రూంలోకెళ్ళి ఏడ్చి మొహం కడుక్కొచ్చేది మా చెల్లెలు, పిన్ని కాదు. అక్కడ బాధ ఎవరిది?

అలాంటి బతుకే నాకొద్దు, నేను నేనుగా ఉండాలి అనేవాళ్ళనీ కొట్టిపారెయ్యలేను, అది వాళ్ళ జీవితం. కాకపోతే పిన్నికి రాత్రిళ్ళు ఎవరో తరుముతున్నారని కేకలేసే రోజులు కూడా ఉన్నాయి, అవి చూశాక నేను రాయాల్సివస్తే ఆ భయం గురించి రాస్తా, మందులకి తగ్గని నొప్పి గురించి రాస్తా. గుర్తుపట్టకపోవడం అన్న లైన్ మాత్రం పెట్టను.