మిర్చి యార్డు చిట్టా, నారింజ పెట్టెల బండి

అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్‌హోసే వచ్చిన కొత్తలో క్రెడిట్ కార్డు కోసం ఒక బ్యాంకుకి వెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయి స్క్రీన్ నా వైపు తిప్పింది. క్రెడిట్ స్కోరు, అంటే ఇదివరకు తీసుకున్న అప్పులు ఎలా తీర్చామో చూసి ఇచ్చే మార్కులు, ఉండాల్సిన చోట ఖాళీ. "ముందు 500 డాలర్లు డిపాజిట్ చేయండి, అంతే లిమిట్‌తో కార్డిస్తాం" అంది. నా డబ్బు నాకే అప్పు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా. విత్తనాలకీ పురుగు మందులకీ రైతులు ముందే డబ్బు పట్టుకెళ్లేవాళ్లు, సరుకు తెచ్చాక లెక్క తేల్చేవాళ్లు. వడ్డీ ఎక్కువే, అది నాకు ఎప్పుడూ నచ్చలేదు. కానీ ఎవరు మాట మీద నిలబడతారో నాన్నకి చిట్టా తెరవకుండానే తెలుసు.

అందుకేనేమో, బ్యాంక్ ఆఫ్ అమెరికాకి పునాది వేసిన అమెడియో జియానీనీ కథ చదివితే సొంత మనిషిని చూసినట్టనిపించింది. 1870లో ఈ శాన్‌హోసేలోనే, ఇటలీ నుంచి వలస వచ్చిన ఇంట్లో పుట్టాడు. ఒక్క డాలరు తగాదాలో తండ్రి హత్యకు గురయ్యాడు. సవతి తండ్రి కూరగాయల కమీషన్ వ్యాపారంలో చేరి, తోటలన్నీ తిరిగి రైతులతో బేరాలు కుదిర్చాడు. పెద్ద బ్యాంకులు గడప తొక్కనివ్వని వలస జనం కోసం 1904లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్యాంక్ ఆఫ్ ఇటలీ పెట్టాడు. బ్యాంకు పెట్టిన ఆ చోటు అప్పటిదాకా ఒక సారా దుకాణం.

1906 ఏప్రిల్ 18న భూకంపం, వెనకే మంటలు. దాదాపు 80,000 డాలర్లు బండికెక్కించి, దొంగలకి అనుమానం రాకుండా పైన నారింజ పెట్టెలు పేర్చి, శాన్‌మటేయోలోని ఇంటికి చేర్చాడు. మిగతా బ్యాంకుల ఇనప గదులు రోజుల తరబడి చల్లారలేదు, తెరిస్తే నోట్లు కాలిపోతాయని భయం. ఈయన రేవులో రెండు పీపాల మీద ఒక చెక్క వేసి, ఇల్లు కట్టుకుంటామన్నవాళ్లకి మనిషిని చూసి అప్పిచ్చాడు. పత్రాలు బూడిదయ్యాయి, ఇంకేం చూస్తాడు? తోటల్లో తిరిగిన ఇన్నేళ్ల పరిచయమే ఆయన చిట్టా.

ఆ బ్యాంకే 1930లో బ్యాంక్ ఆఫ్ అమెరికా అయింది. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన కట్టడానికి డబ్బు కోసం అమ్మిన బాండ్లు కొన్నదీ ఆయనే. 1949లో పోయేనాటికి ఆయన ఆస్తి 5 లక్షల డాలర్లు కూడా లేదు.

పోయిన నెల మా ఇంట్లో దిగిన నెల్లూరు కుర్రాడికి అద్దె ఇల్లు దొరకలేదు, అదే ఖాళీ స్కోరు. "అన్నా, మీకు ఇబ్బందేమో" అంటూ కాగితాలు వెనక్కి లాక్కోబోయాడు. "ఇలా ఇవ్వు తమ్ముడూ" అని హామీదారు గడిలో సంతకం పెట్టాను.