స్వతంత్రం ఎక్కువైంది

“మీ హైదరాబాద్ పిల్లలకు సొంత నిర్ణయాలు తీసుకునే శక్తి తక్కువ” అని ఇక్కడ అమెరికాలో ఓ సమీక్షకుడు, రెండు దేశాల పిల్లల్ని సర్వేతో పోల్చిన నా పరిశోధన పేపరు మార్జిన్‌లో రాశాడు. ఆ “మీ” దగ్గర చురుక్కుమంది. పౌరుషం పక్కనపెట్టి చూస్తే లోపం పిల్లల్లో లేదు, సర్వేలో అడిగిన ప్రశ్నల్లో ఉంది.

కౌమార వికాసం మీద పరిశోధన చేసే సైకాలజిస్టు వైద్యం చేయడు. చికిత్సకు ఇక్కడ రాష్ట్ర లైసెన్సు, మన దగ్గర క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ కావాలి. (“మావాడికి ఫోన్‌లో నాలుగు మాటలు చెప్పమ్మా” అనే పిన్నిగార్లకు ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.) మా పని కొలవడం.

ఇంగ్లీషు ప్రశ్నల అనువాదానికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు. మూలం చూడని మూడో మనిషి దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి తెస్తారు. “నాకు స్వతంత్రం ఎక్కువ” అని పెడితే తిరుగు అనువాదంలో ఇండిపెండెన్స్ అనే వస్తుంది, పరీక్ష గట్టెక్కుతుంది. కానీ ఇళ్లలో “వీడికి స్వతంత్రం ఎక్కువైంది” అంటే తిట్టు. 16 ఏళ్ల కుర్రాడు దానికి “అవును” అని టిక్కు పెడతాడా? అందుకే సర్వేకి ముందు ఎనిమిది పదిమందిని కూర్చోబెట్టి “ఇది నీ మాటల్లో చెప్పు” అని అడగాలి. టైం లేదని ఎగ్గొట్టేది సరిగ్గా ఈ మెట్టునే.

“నాకు స్నేహితులు లేరు” లాంటి వాక్యాలు మరీ ప్రమాదం. ఒప్పుకునేవాడు “అవును, లేరు” అనొచ్చు, ఉత్త “లేరు” అని తల అడ్డంగా ఊపనూవచ్చు. రెండోది చూసి మనం “కాదు” గడి నింపేస్తాం.

అసలు చిక్కు ఇంకా లోపల ఉంది. టెన్త్ అయ్యాక ఎంపీసీనా బైపీసీనా అన్నది బాబాయి, మేనమామ, ట్యూషన్ సారు కూర్చుని తేలుస్తారు. మనస్తత్వవేత్తలు డెసి, రయాన్‌ల సిద్ధాంతంలో అటానమీ (స్వయంనిర్ణయం) అంటే ఒంటరిగా తేల్చుకోవడం కాదు, మనస్ఫూర్తిగా చేయడం. బంధమూ స్వయంనిర్ణయమూ ఒకే మనిషిలో ఇముడుతాయని టర్కీ మనస్తత్వవేత్త చీడెం కాయిట్చిబాషి 2005లోనే వాదించారు. కాబట్టి “ఎవరు తేల్చారు?”, “నీకు ఇష్టమేనా?” అని రెండు ప్రశ్నలు విడిగా అడగాలి. రెండోదానికి “లేదు” అని వస్తే అది నిజమైన బాధే. దాన్ని పెద్దల ప్రేమ పేరుతో కప్పెట్టడం నాకూ నచ్చదు.

ప్రశ్నలు రెండు దేశాల్లోనూ ఒకేలా పనిచేస్తున్నాయని స్కేలార్ ఇన్వేరియన్స్ (ఒకే స్థాయి ఉన్నవాళ్లకు ఏ దేశంలోనైనా ఒకే స్కోరు వస్తుందా అని చూసే గణాంక పరీక్ష) దాకా తేలకుండా సగటులు పోల్చకూడదు. వాటిని పట్టికలో పక్కపక్కన పెట్టింది నేనే, ఒప్పుకుంటున్నా. పైగా ఒక్కసారి అడిగితే చాలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం సుమారు 3000 మందిని చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా మళ్లీ మళ్లీ అడుగుతూ వచ్చింది.

ఇంకొకటి, ఏ పట్టికలోనూ కనపడనిది. తల్లిదండ్రుల అనుమతి ఒక్కటే చాలదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం 12 దాటిన పిల్లల ఒప్పుదల కూడా రాతలో ఉండాలి. కూకట్‌పల్లిలో ఒకే హాలున్న ఇంట్లో తండ్రి సంతకం పెట్టాక కొడుకు “నాకొద్దు” అంటాడు. “నేను పెట్టాగా, వాడిదేముందండీ” అంటాడాయన. అయినా ఫారం మడిచి, ఇచ్చిన టీ తాగి వచ్చేయాల్సిందే. అంత గట్టిగా తన మాట చెప్పిన ఆ కుర్రాడి స్కోరు డేటాలోకి రానే రాదు.