తిలారులో ఆగిన ప్యాసింజరు

పలాసకి బస్సులో వెళ్దామనుకున్నాను గానీ, ఛార్జీ చూశాక మనసు ప్యాసింజరు మీదికి పోయింది. విజయనగరం దాకా కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. ఆ తర్వాత బండి నడిచిన తీరు ఉత్తరాంధ్ర వాళ్ళకి చెప్పక్కర్లేదు. చీపురుపల్లిలో కాసేపు, పొందూరులో కాసేపు. పేపరు కప్పులో గుటకెడు టీకి పదిహేను రూపాయలు, పైగా చిల్లర లేదంటాడు.

నాకసలు టెన్షన్ ఏమిటంటే, మర్నాడు పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో, చర్చి యవ్వనస్థుల కూడికలో వాక్యం చెప్పాలి. ‘ఉరుకుల పరుగుల జీవితంలో విశ్వాసం’ అని అంశం వాళ్ళే ఇచ్చారు. దానికి సిద్ధపడే తీరికే నాకు లేదు. ఒళ్ళో ల్యాప్‌టాప్, చెవిలో ఆఫీసు కాల్, మధ్యమధ్యలో మార్కు సువార్త.

ఆమదాలవలసలో ఒకావిడ ఎక్కి నా పక్కన సర్దుకుని కూర్చుంది. తిలారులో బండిని లూప్ లైన్లో పెట్టారు. ఒక ఎక్స్‌ప్రెస్ పోయింది. ఇంకొకటి వస్తోందన్నారు. 1805లో లండన్ మిషనరీలు విశాఖలో దిగాక, వాళ్ళవాళ్ళు శ్రీకాకుళం వైపు వచ్చింది పల్లకీల్లోనో ఎడ్లబండ్లలోనో అయ్యుంటుంది. వాళ్ళే ముందు చేరి ఉంటారని పైకే విసుక్కున్నాను.

“ఏటి బావూ, శనివారం కూడా ఈ యవ్వారమేటి?” అంది ల్యాప్‌టాప్ వైపు చూసి.

“రేపు వాక్యం చెప్పాలమ్మా.”

“ఏ వాక్యం?”

చెప్పాను. శిష్యులకి అన్నం తినడానికి కూడా తీరిక లేనంతగా జనం వస్తూ పోతూ ఉంటే, ఏకాంతంగా వచ్చి కాస్త అలసట తీర్చుకోమన్నాడు ప్రభువు. మార్కు 6:31. అలా వాళ్ళు పడవెక్కి బయల్దేరారు.

“అవును మరి, ఆలు ఎల్లేసరికి జనం ముందే ఎల్లిపోనారు కదా. ఆలకి దొరికిన ఇశ్రాంతేటి? పడవ మీద ఉన్నంతసేపే.”

నేను విన్న ప్రసంగాలన్నీ 31 దగ్గరే ఆగిపోతాయి. ఆ తర్వాత సెలవు పెట్టండి, ఫోన్ ఆపండి, కొండ మీదికి వెళ్ళండి అని సలహాలు. కానీ 33లో జనం కాలినడకన పరుగెత్తి వీళ్ళకంటే ముందు చేరుకుంటారు. 34లో ఆయన విసుక్కోకుండా వాళ్ళ మీద జాలిపడి బోధించడం మొదలుపెడతాడు. ఆ పైన అయిదు వేలమంది భోజనాలు. ఆయన ప్రార్థనకి కొండెక్కింది అందరినీ పంపించేశాక, 46లో.

ఆవిడకి చదువు రాదట. మనవరాలు చదువుతుంటే వింటుందట. పలాసలో జీడిపిక్కలు కొట్టే పని, కిలోల లెక్కన కూలి. బొటనవేలు, చూపుడువేలు కొసలు నల్లగా మాడినట్టున్నాయి. పిక్క తొక్కలోని జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా ఆ మచ్చ పోదు. పప్పు విరిగితే బద్ద కింద లెక్క, రేటు పడిపోతుంది. కాబట్టి చూపు పక్కకి పోకూడదు.

“మరి ప్రార్థన ఎప్పుడమ్మా?” అన్నాను.

“సేతులకే కదా పని, నోరు కాళీయే. పిక్కకో పేరు సెప్పుకుంటాను. ముందల పిల్లల పేర్లు, తరవాత అప్పులిచ్చినోల పేర్లు.”

“వాళ్ళకెందుకూ?”

“ఆల మనసు మెత్తబడాల కదా బావూ!”

పక్క సీటాయన కూడా నవ్వాడు. ఇంట్లో మా అమ్మదీ ఇదే పద్ధతి. కూర తరుగుతూ, కుక్కర్ కూతలు లెక్కపెడుతూనే మా అందరి కోసం ప్రార్థించేది. దాన్ని ప్రార్థనగా మేమెప్పుడూ లెక్కలో వేయలేదు. ఆదివారం గుడిలో మోకాళ్ళ మీద ఉన్నదే మాకు లెక్క.

రెండో ఎక్స్‌ప్రెస్ కూడా పోయాక బండి కదిలింది. నౌపడ ఉప్పు మళ్ళు వచ్చేలోపు ఆవిడ నిద్రపోయింది. పలాసలో దిగుతూ, మంచి పప్పు ఏ కొట్లో కొనాలో చెప్పింది. బేరం ఆడకపోతే మోసపోతావని కూడా హెచ్చరించింది. బేరం ఆడినా ధర మా గాజువాక కంటే పెద్ద తేడా ఏమీ లేదు.

కూడికలో 34 దాకా, ఆ తర్వాత 46 చదివి, పడవ సంగతే ఎక్కువ చెప్పాను. చివర్లో ఒక కుర్రాడు లేచాడు. రాత్రి డ్యూటీలట. “అన్నా, ఆ పడవలో నాకైతే నిద్రొచ్చేస్తుంది, మరెలా?” అన్నాడు. ప్రభువూ పడవలో తలగడ మీద పడుకున్నాడు, అదే సువార్త 4వ అధ్యాయం చూసుకోమన్నాను. పిల్లలంతా చప్పట్లు.

సంఘ కాపరి అయ్యగారికి ఇదంతా అంత రుచించినట్టు లేదు. ముగింపు ప్రార్థనకి ముందు మైకు తీసుకుని, వేకువ ప్రార్థన నాలుగున్నరకేనని, డ్యూటీలున్నవాళ్ళు కూడా రావాలని రెండుసార్లు చెప్పారు.