నీళ్లు పోయాకే అసలు పని

నేను ఇంట్లోంచే చిన్న దుకాణాలకు లెక్కలు రాస్తాను. కిరాణా, స్టీల్ సామాన్లు, మెడికల్ షాపు, వెల్డింగ్ షెడ్డు, బట్టల దుకాణాలు, అన్నీ కలిపి పద్నాలుగు మంది. వాళ్ల బిల్లులన్నీ మా ముందు గదిలో, మూతల్లేని ప్లాస్టిక్ డబ్బాల్లో, నేల మీద ఉండేవి. నేల మీద అని ఎందుకు చెప్తున్నానో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

2020 అక్టోబర్ 13, మంగళవారం. వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటిందని పొద్దున టీవీలో చెప్పారు. కాకినాడ ఎక్కడ, హైదరాబాద్‌లో మా సరూర్‌నగర్ ఎక్కడ అనుకుని ఉప్మా తిన్నాం. సాయంత్రానికి వాన తీరు మారింది. బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లు పడిందని, ఘట్‌కేసర్ వైపు 30 దాటిందని తర్వాత పేపర్లో చదివాం. మా ఇల్లు కోదండరాంనగర్ పక్కన, చెరువుకు దగ్గర్లో. మీర్‌పేట వైపు చెరువులు అలుగు పారితే ఆ నీళ్లన్నీ సరూర్‌నగర్ చెరువుకే రావాలి. దారిలో ఉన్నది మేమే.

నీళ్లు వాకిట్లోంచి వస్తాయనుకుని గుమ్మం దగ్గర ఇసుక బస్తా వేశాం. మాకు మొదట లోపల్నుంచే వచ్చాయి. రాత్రి తొమ్మిదిన్నరకు బాత్రూం జాలీలో గుడగుడమని చప్పుడు, వెనకే నల్లటి మురుగు. అత్తయ్య పాత టవల్ కుక్కి దాని మీద గ్రైండర్ రాయి పెట్టింది. పది నిమిషాలు ఆగింది. ఈలోపు ఎదురింటి కుర్రాడు గేటు బాదుతూ, "అక్కా, కింద ఎవ్వరూ ఉండకండ్రి, చెరువు నీళ్లు గల్లీల్లకొచ్చినయ్!" అని అరిచాడు. మా ఆయన మెయిన్ ఆఫ్ చేశారు. నేను లాప్‌టాప్, సర్టిఫికెట్ల ఫైలు, అత్తయ్య బీపీ మాత్రలు పట్టుకున్నాను. బిల్లుల డబ్బాల్లో నాలుగింటిని మంచం మీదికి ఎక్కించాను. మంచం కూడా మునుగుతుందని అప్పుడు తట్టలేదు.

అర్ధరాత్రి మెట్ల మీద నిలబడి టార్చి వేసి చూస్తే మా హాల్లో గ్యాస్ సిలిండర్ తేలుతోంది. గోడకు కొట్టుకుంటూ, టంగ్, టంగ్ అని. ఆ చప్పుడు నాకు చాలా రోజులు నిద్రలో వినిపించింది.

పై పోర్షన్‌లో ఓనర్ ఆంటీ వాళ్లింట్లో పదకొండు మందిమి సర్దుకున్నాం. అప్పటికి కరోనా ఏడో నెల. అంతకుముందు వారం దాకా ఆ ఆంటీ పాల ప్యాకెట్‌ను కూడా సబ్బు నీళ్లతో కడిగి లోపలికి తీసుకునేది. ఆ రాత్రి ఆవిడ మంచం మీద అత్తయ్యతో పాటు పక్కింటి పసిపిల్ల కూడా పడుకుంది. మాస్కుల సంగతి ఎవరికీ గుర్తులేదు. మర్నాడు కుర్రాళ్లు లారీ ట్యూబు మీద పాల ప్యాకెట్లు, బ్రెడ్డు తోసుకుంటూ తెచ్చారు. వాళ్లలో సగం మంది పేర్లు నాకు ఇప్పటికీ తెలియవు.

15 సాయంత్రానికి నీళ్లు దిగాయి. గోడ మీద గీత నా నడుం దాకా ఉంది. అంతా అయిపోయిందనుకున్నాం. ఇంత బురద ఉంటుందని మాత్రం మాకెవరూ చెప్పలేదు. బెత్తెడు మందాన, సబ్బులా జారుతూ, డ్రైనేజీ కంపుతో. తడిగా ఉన్నప్పుడే పారతో, వైపర్‌తో తోసేయాలి, ఎండితే సిమెంటే. మాకు ఆ తెలివి రెండో రోజుకు వచ్చింది. దూది పరుపులు నలుగురు పట్టినా లేవలేదు, కత్తితో కోసి ముక్కలుగా బయట పడేశాం. 25 కిలోల బియ్యం బస్తా ఉబ్బి పగిలింది. బీరువా తలుపు బిగుసుకుపోయింది. ప్లైవుడ్ తలుపులు పొరలు పొరలుగా విడిపోయాయి. ఫ్రిజ్ ప్లగ్గు పెట్టొద్దని ఎలక్ట్రీషియన్ ఖరాఖండిగా చెప్పాడు. మా ఆయన బండి ఆయిల్ తీస్తే పాలు పోసిన టీలా వచ్చింది. దానికున్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, అందులో వరదకు పైసా రాదు. ఆ విషయం మీద మేమిద్దరం ఓ గంట గొడవపడ్డాం. బండి సంగతి సాకే, ఇద్దరికీ నిద్ర లేదు.

ఇక బిల్లులు. నా అసలు టెన్షన్ అదే. 22వ తేదీ ముంచుకొస్తోంది. జీఎస్టీ రిటర్ను ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు. మొత్తం పెద్దది కాకపోవచ్చు, కానీ చిన్న దుకాణదారుడికి అకౌంటెంట్ మీద నమ్మకం పోవడానికి ఆ 50 చాలు.

తడిసిన కట్టలను విడదీయడం ఒక విద్య అని అప్పుడే తెలిసింది. లాగితే చిరుగుతాయి. కట్ట మొత్తం మంచినీళ్ల టబ్బులో మళ్లీ ముంచి, బురద వదిలాక, మూల నుంచి ఒక్కొక్కటీ వేలితో పైకి తేల్చాలి. తర్వాత డాబా మీద దండేనికి బట్టల క్లిప్పులతో వేలాడదీశాం. మా బాబు పదో తరగతి. వాడి ఆన్‌లైన్ క్లాసుల ఫోన్ నీళ్లలో పోయింది కాబట్టి వాడికి సెలవే, నాకు మనిషి దొరికాడు. బాల్ పెన్నుతో రాసినవి చెక్కుచెదరలేదు. జెల్ పెన్నువి నీలం మబ్బులయ్యాయి. స్టీల్ షాపాయన జెల్ పెన్ను తప్ప వాడడు! కొన్నింటిని గుడ్డ పరిచి ఇస్త్రీ చేద్దామని పై ఇంటి ఇస్త్రీపెట్టె అడిగాను. వాళ్ల మీటరు ముంపు గీతకు పైన ఉంది కాబట్టి మాకంటే ముందే కరెంటు వచ్చింది. పాత చీర ముక్క వేసి నెమ్మదిగా అద్దుతుంటే మామూలు కాగితాలు బాగానే వచ్చాయి. అదే ఊపులో ఒక పెట్రోల్ బంకు బిల్లు పెట్టాను. గుడ్డ తీసేసరికి మొత్తం నల్లగా మాడిపోయినట్టుంది. మాడలేదు, ఆ కాగితమే అంత, వేడి తగిలితే అక్షరాలు కాదు కాగితమంతా నల్లబడుతుంది. వెల్డింగ్ షెడ్డాయన డీజిల్ బిల్లులు అలాంటివే నలభై ఉన్నాయి. బతికిపోయాను, మొదటి దానికే తెలిసింది.

రెండు గదులు కడిగి, ఫినాయిల్ కొట్టి, శనివారం సాయంత్రం హమ్మయ్య అని చాప మీద కూర్చున్నాం. 17వ తేదీ అది. మళ్లీ మొదలైంది. ఈసారి మోకాళ్ల దాకా. మొదటిసారి ఏడవని నేను ఆ రాత్రి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అత్తయ్య ఓదార్చలేదు. "ఏడుస్తే ఏడువ్ గానీ, ఆ డబ్బా పైకియ్యి ముందు" అంది. అది మంచి మాటే అని ఇప్పుడనిపిస్తుంది, అప్పుడు మాత్రం ఒళ్లు మండింది.

సోమవారం లాప్‌టాప్ సంచిలో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో నా క్లయింట్ ఒకాయన స్టీల్ దుకాణానికి వెళ్లాను. అదే, జెల్ పెన్ను ఆయన. అడగడానికి ఫోన్ మూడుసార్లు తీసి పెట్టేశాను. పదేళ్లుగా నేను ఆయనకు పని చేసిపెట్టేదాన్ని, ఇప్పుడు కుర్చీ, కరెంటు అడగాలి. ఆయన "అడుగుడేందమ్మా, రా" అని కౌంటరు వెనక, ఇడ్లీ కుక్కర్ల అట్టపెట్టెల మధ్య బల్ల వేయించారు. ఫోన్ హాట్‌స్పాట్‌తో రెండు రోజులు అక్కడే పని. వ్యాపారమే లేని ఇద్దరికి పోర్టల్ అవసరం పడలేదు. ఆ ఏడాది జూన్ నుంచే 14409కి ఎస్సెమ్మెస్ కొడితే నిల్ రిటర్ను వెళ్లిపోయే వీలు వచ్చింది, చాలామందికి తెలియదు. చిక్కు మెడికల్ షాపాయన దగ్గర వచ్చింది. ఆయన ఫోన్ వరదలో పోయింది. ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. ఆయన సిమ్ము తుడుచుకుని, చేతిరుమాల్లో చుట్టుకుని ఆటోలో వచ్చారు. నా ఫోన్లో వేశాం. అంతకుముందు రాత్రి నుంచి ఆగిన మెసేజీలు వరసగా ముప్పై వచ్చి పడ్డాయి, "ఎక్కడున్నావ్ రా", "బాగున్నారా" అంటూ. ఆయన అవన్నీ చదువుకునే దాకా ఆగి, అప్పుడు ఓటీపీ కొట్టాను.

పద్నాలుగులో పన్నెండు టైముకు వెళ్లాయి. మిగతా రెండింటి లేట్ ఫీజు నేనే కట్టాను. ఒకాయన ఆ డబ్బు తిరిగిచ్చారు. ఇంకొకాయన జనవరి నుంచి వేరే అకౌంటెంట్‌ను పెట్టుకున్నారు.

ఇంట్లో అన్నిటికంటే లేటుగా దారికొచ్చింది నీళ్లు. సంపులోకి మురుగు దిగింది. మోటారుతో మొత్తం తోడి, లోపలికి దిగి బ్రష్షుతో రుద్ది, బ్లీచింగ్ గట్టిగా కలిపిన నీళ్లు నింపి రాత్రంతా ఉంచి, మళ్లీ తోడేశాం. రెండుసార్లు అలా చేసినా వారం దాకా ఆ నీళ్లు తాగలేదు, క్యాన్లు కొన్నాం. తాగే నీళ్లకైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ చాలు. మా వీధిలో ఒకరు గుప్పెళ్లతో వేసి, వాళ్ల బిందెలు, కళ్లు రెండూ మండించుకున్నారు.

19న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మునిగిన ఇంటికి పదివేలు ప్రకటించారు. మా వీధిలో కుర్చీ వేసుకుని ఆధార్ చూసి ఇచ్చారు. లైన్లో నిలబడటానికి మా ఆయనకు మనసొప్పలేదు, నేనే వెళ్లాను. స్టవ్వు, రెండు పరుపులు, ఒక బియ్యం బస్తా, అంతే, అయిపోయాయి. తర్వాత నవంబర్‌లో మీసేవలో అర్జీలు తీసుకున్నారు, డిసెంబర్ 1న గ్రేటర్ ఎన్నికలు కావడంతో 18న ఆ పంపిణీ ఆగింది.

సద్దుల బతుకమ్మ 24న వచ్చింది. ఆడాలా వద్దా అని వీధిలో ఓ మాట నడిచింది. చెరువు దగ్గరికి ఎవరూ పోలేదు. ఓనర్ ఆంటీ డాబా మీద, నా బిల్లుల దండేల కింద చిన్నది పేర్చింది, తంగేడు దొరక్క బంతిపూలతోనే. సత్తుపిండి పంచుకున్నాం. అదే రోజు మా గోడల చెమ్మ మీద పిండిలాంటి తెల్లటి పొడి మొదలైంది. రంగులు వేయబోతే మేస్త్రీ ఆపాడు, ఎండాకాలం పోయేదాకా ముట్టొద్దన్నాడు. ఏడు నెలలు ఆ గీతతోనే ఉన్నాం. వచ్చినవాళ్లందరూ దాని పక్కన నిలబడి తమ ఎత్తు చూసుకునేవారు. దాంతో నాకు చికాకుగా ఉండేది.

బిల్లులు ఎండాయి గానీ వాసన పోలేదు. ఆ ఏడాది ఫైళ్లు ఎవరికి తిరిగిచ్చినా ముందు ముక్కు ముడిచి, తర్వాత ఊరుకునేవారు. ఇప్పుడు అన్నీ మూతలున్న డబ్బాల్లో, అటక మీద. అయినా ప్రతి ఏడాదీ జూన్‌లో మొదటి గట్టి వాన పడగానే పైనుంచి ఆంటీ కేకేస్తుంది, "ఏమే, నీ కాగితాలు పైకి పంపుతవా, లేకపోతే మావాన్ని పంపాల్నా?" నేను ఒకటి రెండుసార్లు అక్కర్లేదన్నాను. ఆమె కొడుకు అప్పటికే మెట్లు దిగుతుంటాడు.