నీళ్లే గేటు తీస్తే

మా నాన్న వంశధార ఎడమ కాలువ మీద లస్కరుగా చేసి రిటైరయ్యారు. గేటు స్క్రూకి హ్యాండిలు తగిలించి తిప్పడం, నీటిమట్టం రిజిస్టర్లో రాయడం, రాత్రిళ్లు ఎవరైనా దొంగతనంగా గేటు ఎత్తేస్తున్నారేమో చూసుకోవడం ఆయన పని. నేను ఇంగ్లండులో ఒక యూనివర్సిటీలో అయాన్ ఛానళ్లకు గణిత నమూనాలు రాస్తాను. "మీ అమ్మాయి అక్కడ ఏటి చేస్తంది?" అని ఊళ్లో అడిగితే నాన్న చాలాకాలం "కంప్యూటరు" అని తేల్చేసేవారు. తప్పేమీ లేదు, రోజంతా నేను చూసేది దాన్నే.

చలికాలంలో ఇక్కడ నాలుగింటికే చీకటి. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, నాన్న భోంచేసి అరుగు మీద కూర్చునే వేళ. ఓ ఆదివారం ఫోన్లో ఆయనే అడిగారు.

"ఆ ఛానలంటే ఏటమ్మా?"

"కాలవే నాన్నా" అన్నాను. కణం చుట్టూ పొర ఉంటుంది, ఆ పొరలో ప్రోటీన్‌తో చేసిన తూములుంటాయి, సోడియం పొటాషియం లాంటివి వాటిలోంచే పోతాయి, తూములకి గేట్లుంటాయి అని చెప్పాను. గేట్లనగానే ఆయన గొంతు మారింది. ఎన్ని గేట్లన్నారు. పొటాషియం తూముకి వరసగా నాలుగనుకో, నాలుగూ ఎత్తితేనే దారి అన్నాను. ఒక్కో గేటుకీ ఒక లస్కరు. ఎవడి ఇష్టం వాడిది, పక్కవాడితో మాటల్లేవు, ఒక్కొక్కడూ రోజులో సగంసేపే గేటు ఎత్తి ఉంచుతాడు. మరి నాలుగూ ఒకేసారి ఎత్తి ఉండేది ఎంతసేపు?

ఆయన కాసేపు గొణుక్కున్నారు. "సగంలో సగం, దాన్లో సగం, దాన్లో సగం... వీసం వంతు." తర్వాత నవ్వి, "అందుకే శివారుకి నీళ్లు చేరవు" అన్నారు.

నా నమూనాలో అది ఎన్ ఘాతం నాలుగు; ఎన్ అంటే ఒక్కో గేటు ఎత్తి ఉండే వంతు. ఎన్ దగ్గర 0.5 పెడితే 0.0625 వస్తుంది. పదహారో వంతు, వీసమే.

ఆ ఘాతం పెట్టినవాళ్లు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు. 1952లో ఆ సమీకరణాలు అచ్చయ్యాయి, 1963లో నోబెల్ వచ్చింది. ప్లిమత్ తీరంలోని ప్రయోగశాలలో స్క్విడ్ అనే సముద్రజీవి నరం మీద పనిచేశారు. ఆ తంతువు అర మిల్లీమీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే లావుంటుంది, లోపలికి తీగ దూర్చవచ్చు. కానీ గేట్లను వాళ్లెప్పుడూ చూడలేదు. కొలిచింది కరెంటు మాత్రమే. శివారు రైతు తన మడిలో నీటి రాకను చూసి, పైన ఏ గేటు ఎప్పుడు ఎత్తారో ఊహించినట్టన్నమాట. లెక్క కుదిరినంత మాత్రాన లోపల జరిగేది ఇదేనని నమ్మొద్దని వాళ్లే రాసుకున్నారు. నాకు వాళ్లమీద గౌరవం ఆ ఒక్క మాటకే ఎక్కువ. పైగా అప్పట్లో కేంబ్రిడ్జి కంప్యూటరు ఆరు నెలలపాటు పనిచేయకపోవడంతో, హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల మిషను మీద ఆ గణనంతా మూడు వారాలపాటు చేశాడట. ఇది విని నాన్న ఆయన్ని మనవాళ్లలో కలిపేసుకున్నారు. "హ్యాండిలు తిప్పినోడా! అయితే భుజం నొప్పెట్టే ఉంటాది."

మా గుంపు చూసేది గుండె కణాలు. వాటిలో హెర్గ్ అనే పొటాషియం ఛానల్ ఉంది. ఏదైనా మందు దాన్ని మూసేస్తే, గుండె ఒక కొట్టుడు ముగించి తర్వాతదానికి సిద్ధపడడం ఆలస్యమై లయ తప్పొచ్చు. టెర్ఫెనడిన్ అనే ఎలర్జీ మాత్రను 1990ల చివర్లో వాడుకలోంచి తీసేయడానికి కారణం ఇదే. కొత్త మందు అలాంటి పని చేస్తుందేమో ముందుగా లెక్క కట్టడం మా పని. పక్కగదిలో ఒకామె ఇంచుమించు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు, మొన ఉన్న గాజు గొట్టాన్ని కణానికి ఆనించి కొలతలు తీస్తుంది. ఎవరైనా తలుపు ధడాలుమని వేస్తే పట్టు ఊడిపోతుంది. ఆమె తిట్లు మా గదికి వినిపిస్తాయి.

వచ్చిన మొదటి ఏడాది ఆమె కొలతలతోనే నా పరువు పోయింది. నమూనాలో గుండె కణం ఎంతకీ సరిగ్గా కొట్టుకోలేదు. నెల రోజులు ఒక్కో అంకె అటూ ఇటూ జరిపాను. రైస్ కుక్కరు పక్కనే లాప్‌టాప్, చలికి రెండు స్వెట్టర్లు, అదో టెన్షన్. చివరికి నమూనా గీసిన గీత అచ్చం కొలతల మీదే కూర్చుంది. మీటింగులో గర్వంగా చూపించాను. ఎవరో మెల్లగా అడిగారు, "ఈ కొలతలు ఎన్ని డిగ్రీల దగ్గర తీసినవి?" గది ఉష్ణోగ్రత, 22. నేను నడిపింది 37 దగ్గర, వేడి సవరణ లేకుండా. పది డిగ్రీలకు గేట్ల వేగం మూడు రెట్లవుతుందనుకుంటే, పదిహేనుకు అయిదు రెట్ల పైమాట. అంత తేడానూ నేను వేరే అంకెల్లోకి తోసేసి గీతను అందంగా కూర్చోబెట్టాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆ సంగతి నాన్నకు చెబితే, "రీడింగు ఏ పూట తీశాడో రాయని రిజిస్టరు చూసి లెక్కేశావన్నమాట" అన్నారు. అంతే, ఓదార్చలేదు.

మొన్న అడిగిన ప్రశ్న మాత్రం నన్ను ఆపేసింది. "అన్నీ బాగానే ఉన్నాయి. ఆ గేట్లు ఎత్తే లస్కరు ఎవులు?"

లస్కరు లేడన్నాను. పొరకు అటూ ఇటూ ఉన్న వోల్టేజీయే గేట్లను ఎత్తుతుంది. కాస్త సోడియం లోపలికి వస్తే వోల్టేజీ మారుతుంది, అందువల్ల ఇంకొన్ని గేట్లు లేస్తాయి, ఇంకా సోడియం వస్తుంది.

"నీళ్లే గేటు తీస్తే అది గేటు కాదమ్మా, గండి."

నిజమే. నరంలో కబురు నడిచేది గండి పడే. కాకపోతే సోడియం తూముకు ఇంకో గేటుంది. మొదటివి లేచాక అది నిదానంగా దిగుతుంది, సెకనులో వెయ్యోవంతు, ఆ చుట్టుపక్కల. పొటాషియం బయటికి పోతుంది. గండి తనంతట తానే పూడుతుంది, మళ్లీ పడడానికి సిద్ధమవుతుంది.

అవతల కాసేపు మాట లేదు. ఇసుక బస్తాలు మోసిన రాత్రులు గుర్తొచ్చాయేమో.

"అలాటి గండి మా కాలవకొకటి పంపు" అన్నారు.