గొలుసుకి జడ అల్లిన రోజు

కారు వెనక తగిలించి లాక్కెళ్లే మా ట్రావెల్ ట్రైలర్ (చక్రాల మీది చిన్న ఇల్లు) సేఫ్టీ చైన్లు, అంటే ట్రైలర్ ఊడినా కారుని వదలకుండా పట్టుకునే గొలుసులు, రోడ్డుకి రాసుకుంటున్నాయని నాకు తెలిసింది చెవితో కాదు, వేలితో. ఒక ప్రయాణం ముగించుకొచ్చి కొక్కేలు తీస్తుంటే, గొలుసు మధ్యలో నాలుగు లింకులు నున్నగా తగిలాయి. తిప్పి చూద్దును కదా, అడుగు పక్క అరిగిపోయి తళతళలాడుతోంది, మందం సగమే మిగిలింది. కార్లో పాటలు పెట్టుకుని కూర్చున్నవాళ్లకి ఆ చప్పుడు ఏం వినిపిస్తుంది! ఆ రాపిడికి లేచే నిప్పురవ్వలు రోడ్డు పక్క ఎండుగడ్డిలో పడితే ఏమయ్యేదో తల్చుకుంటేనే భయమేసింది.

ఉన్నదాన్నే మెలితిప్పి పొట్టి చేశాను. కొలత భలే కుదిరింది. మా బావ వచ్చి చూసి, "ఏం బావా, జడ అల్లావా?" అన్నాడు. మెలిక పడితే లింకులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఎక్కుతాయట. తిన్నగా లాగాల్సిన బరువు వాటిని వంచుతుందట. విప్పేశాను. అరిగింది ఎలాగూ మార్చాల్సిందే.

కొనబోతే అసలు చిక్కు అక్కడే. పావంగుళం మందం గొలుసే గ్రేడ్ (గొలుసు ఉక్కు బలాన్ని చెప్పే అంకె) 30 అయితే 1,300 పౌండ్లు, గ్రేడ్ 43 అయితే 2,600, గ్రేడ్ 70 అయితే 3,150. మా ట్రైలర్ నిండు బరువు 7,000. లెక్క ఎక్కడా కుదరదే! మళ్లీ బావకే ఫోన్. ఆ పౌండ్ల అంకె గొలుసు రోజూ మోయగల భారమట, తెగే బలం వేరట: గ్రేడ్ 43కి దానికి మూడు రెట్లు, మిగతా రెంటికీ నాలుగు రెట్లు. ఇక్కడ చూసుకోవాల్సింది తెగే బలం, అదీ రెండూ కలిపి కాదు, ఒక్కో గొలుసుకీ ట్రైలర్ నిండు బరువంత ఉండాలి. 5/16 అంగుళం గ్రేడ్ 43 తీసుకున్నాను, తెగే బలం 11,700. కొక్కేలు కూడా అంతకి తగ్గనివే, నోటికి లాచ్ (ఊడకుండా ఆపే నాలుక) ఉన్నవి. బలం అంకె లేని కొక్కేన్ని ఎంత చవకైనా ముట్టుకోలేదు.

పొడవు మాత్రం ఏ లెక్కకీ అందలేదు. ఎడమది కుడికి, కుడిది ఎడమకి కప్లర్ (ట్రైలర్ ముక్కుకి ఉండే పట్టు) కింద అడ్డంగా దాటించి తగిలించాను. కప్లర్ కారు వెనకుండే బాల్ (ఇనప గుండు) మీంచి ఊడితే ట్రైలర్ ముక్కు రోడ్డులో దిగబడకుండా ఆ గొలుసుల ఉయ్యాల్లో పడుతుంది. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పుతూ పోతుంటే, బయట నుంచుని చూస్తున్న మా ఆవిడ "ఆగు, ఆగు!" అని కేకేసింది. దిగి చూస్తే ఒకటి తీగలా బిగుసుకుంది. రెండేసి లింకులు వదిలి మళ్లీ తిప్పాను. ఈసారి రెండు పక్కలా వదులుగానే ఉంది, నేలకి జానెడు ఎత్తులో.

ఇక మిగిలింది బ్రేక్‌అవే కేబుల్. ఇన్నాళ్లూ దాన్ని గొలుసు కొక్కేనికే తగిలిస్తున్నాను. కొక్కెం ఊడితే అదీ పోతుందన్న ఆలోచనే రాలేదు! వాహనం ఫ్రేముకే విడిగా కట్టాను. ట్రైలర్ విడిపోతే ఆ కేబుల్ ట్రైలర్ మీది బ్రేక్ స్విచ్ పిన్నుని లాగేస్తుంది, ట్రైలర్లోని బ్యాటరీ దాని బ్రేకులు వేస్తుంది. పనిలో పని, చేత్తో పిన్ను లాగి బండి మెల్లగా ముందుకి పోనిచ్చాను. ట్రైలర్ హాయిగా వెనకే వచ్చేసింది. బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో ఏమో.

కొత్తది వేసి మళ్లీ లాగితే చక్రాలు బిగుసుకుని టైర్లు కీచుమన్నాయి. పిన్ను గబగబా లోపలికి నొక్కేశాను.